షష్టిపూర్తి చూడని భవనం

2017 ఏప్రిల్ 23, ఆదివారం. ఆ రాత్రి ఢిల్లీ ప్రగతి మైదాన్‌లోకి కూల్చే యంత్రాలు వచ్చాయి. సోమవారం ఊరు లేచి ఆఫీసులకు బయల్దేరేసరికి హాల్ ఆఫ్ నేషన్స్ కాంక్రీటు ముక్కల కుప్ప. 1972లో కట్టిన భవనం అది. పోయేనాటికి వయసు నలభై అయిదు.

అదే ఏడాది ఫిబ్రవరిలో ఢిల్లీ హెరిటేజ్ కన్జర్వేషన్ కమిటీ ఒక మాట తేల్చింది: అరవై ఏళ్ళు నిండని కట్టడాన్ని వారసత్వ కట్టడంగా చూడలేం. స్వాతంత్ర్యం తర్వాత ఢిల్లీలో కట్టినవాటిలో కాపాడుకోవాల్సినవి అంటూ ఇన్‌టాక్ సంస్థ అంతకుముందే అరవై రెండు భవనాల జాబితా ఇచ్చింది. అందులో ఇదీ ఉంది. దీన్ని కట్టిన ఆర్కిటెక్ట్ రాజ్ రేవల్ కోర్టుకు వెళ్ళారు. హైకోర్టులో నిలవలేదు. విదేశాల మ్యూజియంల నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. ఎవరు చదివారో ఏమో గానీ యంత్రాలు మాత్రం ఆగలేదు.

మన ఇళ్ళల్లో అరవై నిండితే షష్టిపూర్తి చేస్తాం. కమిటీవారి లెక్క కూడా అలాంటిదే. కాకపోతే ఒక్క తేడా ఉంది. అరవై రానంత మాత్రాన మనిషిని చంపే హక్కు మనం ఎవరికీ ఇవ్వం.

రాజ్ రేవల్ పేరు మనలో చాలామందికి ఈ కూల్చివేత వార్తతోనే తెలిసింది. ఒక ఆర్కిటెక్టుకి ఇంతకన్నా దురదృష్టం ఉండదేమో. 1934లో పంజాబ్‌లోని హోషియార్‌పూర్‌లో పుట్టారు. ఢిల్లీలో, తర్వాత లండన్‌లో చదివారు, పారిస్‌లో మిషెల్ ఎకోషార్ ఆఫీసులో పనిచేశారు, 1960ల మొదట్లో ఢిల్లీ తిరిగొచ్చి సొంత ప్రాక్టీసు పెట్టారు. ఇంతవరకూ ఆ తరం భారతీయ ఆర్కిటెక్టులు చాలామంది కథ ఇదే. చార్లెస్ కొరియా అమెరికా వెళ్ళొచ్చారు, బాలకృష్ణ దోషి పారిస్‌లో లె కార్బూజియే దగ్గర పనిచేసి వచ్చారు. అందరూ బయట నేర్చుకుని, ఇక్కడి ఎండకీ ఇక్కడి చేతులకీ సరిపోయేలా దాన్ని తిరగరాయాలని చూసినవాళ్ళే. ఆ తిరగరాయడం అన్నిటికన్నా తేటగా కనిపించేది నా లెక్కలో హాల్ ఆఫ్ నేషన్స్‌లోనే. అందుకే దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1972 అంటే స్వాతంత్ర్యానికి పాతికేళ్ళు. ఆ ఏడాది చివర్లో ఢిల్లీలో ‘ఏషియా 72’ అనే అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన పెట్టాలనుకున్నారు. దాని ప్రధాన మంటపాల కోసం పోటీ పెడితే రేవల్ గెలిచారు. అప్పట్లో ప్రపంచమంతా ఇలాంటి ప్రదర్శనలకి ఒకటే ఫ్యాషన్, స్పేస్ ఫ్రేమ్. అంటే చిన్న చిన్న కడ్డీలని త్రిభుజాలుగా అల్లుకుంటూ పోయి, మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా పెద్ద స్థలాన్ని కప్పేయడం. 1967లో మాంట్రియాల్‌లో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గోళం అలాంటిదే. 1970లో ఒసాకాలో కెంజో టాంగే కప్పిన మైదానమూ అలాంటిదే. రెండూ ఉక్కువి. ఫ్యాక్టరీలో కొలత ప్రకారం తయారైన గొట్టాలు, బిగించడానికి సిద్ధంగా ఉండే కీళ్ళు.

రేవల్ కూడా మొదట ఉక్కు గురించే ఆలోచించారు. కానీ మన దగ్గర ఉక్కు ఎక్కడుంది? ఉన్నది కొద్ది, దాని ధర ఎక్కువ. అంత కచ్చితంగా కీళ్ళు తయారుచేసిపెట్టే పరిశ్రమా లేదు. మనకి దండిగా ఉన్నది మనుషుల చేతులు. అందుకని ఉక్కులో గీసుకున్న రూపాన్ని కాంక్రీటులో పోయాలని నిర్ణయించారు. ఫ్యాక్టరీలో అచ్చుపోసి తెచ్చి అతికించడం కాదు, అక్కడికక్కడే చెక్కతో పెట్టెలు కట్టి, లోపల చువ్వలు పెట్టి, తట్టలతో మాలు మోసి పోయడం.

ఇది ఎంత పిచ్చి పనో ఇంటి మీద ఒక్క స్లాబు వేయించిన వాళ్ళకైనా తెలుస్తుంది. బల్లపరుపుగా ఉండే స్లాబుకే సెంట్రింగ్ సరిగా లేకపోతే మేస్త్రీ ఆ రాత్రి నిద్రపోడు. ఇక్కడ బల్లపరుపు అన్నదే లేదు. అన్నీ ఏటవాలు కడ్డీలు. ఒక్కో ముడి దగ్గరికి నానా దిక్కుల నుంచీ కడ్డీలొచ్చి కలుస్తాయి. ఆ కడ్డీల్లోని చువ్వలన్నీ ఆ ఒక్క ముడిలో ఒకదాన్నొకటి తప్పించుకుంటూ దూరాలి, వాటి సందుల్లోకి కాంక్రీటు గుల్ల లేకుండా దిగాలి. ఒక్క ముడిలో కొలత తప్పితే ఆ తప్పు పక్క ముడికి పాకుతుంది. ఇలాంటివి వందల కొద్దీ. ప్రదర్శన తేదీ మాత్రం ఆగదు.

లెక్క వేసిన ఇంజనీరు మహేంద్ర రాజ్. మన ఆధునిక భవనాల చరిత్రలో ఆర్కిటెక్టుల పేర్లు తరచూ వినిపిస్తాయి గానీ ఈయన పేరు ఆ స్థాయిలో వినిపించదు. చండీగఢ్‌లో లె కార్బూజియే హైకోర్టు, సచివాలయం కడుతున్నప్పుడు పనిచేసిన కుర్ర ఇంజనీరు ఈయన. తర్వాత న్యూయార్క్‌లో పనిచేసి తిరిగొచ్చారు. అహ్మదాబాద్‌లో దోషి కట్టిన టాగోర్ హాలు దగ్గర్నుంచి ఢిల్లీలో కుల్‌దీప్ సింగ్ కట్టిన ఎన్‌డీఎంసీ టవరు దాకా, కాంక్రీటు ఏదో కొత్త పని చేస్తున్నట్టు కనిపించే చోటల్లా దాదాపు ఈయన చెయ్యి ఉంటుంది. హాల్ ఆఫ్ నేషన్స్‌ని రేవల్ కట్టారు అనేసి ఊరుకోవడం సగం మాటే.

తయారైనదేమిటంటే, అంచులు చెక్కి, కొనని కోసేసిన పిరమిడ్‌లాంటి ఒక పెద్ద హాలు. లోపల 78 మీటర్ల వెడల్పు, ఒక్క స్తంభం లేదు. దానికి తోడు అదే పద్ధతిలో నాలుగు చిన్న హాళ్ళు, హాల్స్ ఆఫ్ ఇండస్ట్రీస్, ర్యాంపులతో కలిపి. అంతటి కాంక్రీటు స్పేస్ ఫ్రేమ్ అంతకుముందు ప్రపంచంలో ఎక్కడా లేదని చెప్తారు.

కట్టేటప్పటి ఫొటోలు మదన్ మహట్టా తీసినవి ఉన్నాయి. కాంక్రీటు త్రిభుజాలు ఆకాశంలోకి పేర్చినట్టుంటాయి, వాటి మధ్య చీమల్లా మనుషులు. ఆ మనుషులెవరో, ఏ ఊళ్ళ నుంచి వచ్చారో ఫొటోలు చెప్పవు. ‘పాలమూరు కూలీ’ అన్న మాట వింటూ పెరిగినవాళ్ళకి మాత్రం ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. దేశంలో ఆనకట్టల దగ్గరా పెద్ద కట్టడాల దగ్గరా ఎవరో ఒకరి పాలమూరు ఉంటూనే ఉంటుంది. నాకు ఈ భవనం గొప్పగా అనిపించేది అక్కడే. ధనిక దేశాల యంత్ర సౌందర్యాన్ని తీసుకుని, ఇక్కడి పేదరికాన్ని దాచకుండా, ఆ పేదరికంతోనే దాన్ని కట్టి చూపించింది. దగ్గరికెళ్తే కాంక్రీటు మీద చెక్క పలకల గుర్తులు కనిపించేవి. దూరం నుంచి చూస్తే రేపటి నగరం, దగ్గరికెళ్తే మేస్త్రీ చెయ్యి.

ఢిల్లీలో ఉన్న రోజుల్లో ప్రపంచ పుస్తక ప్రదర్శనకి ప్రగతి మైదాన్ వెళ్ళేవాణ్ణి. తెలుగు స్టాళ్ళు వెతుక్కుని, మధ్యాహ్నం ఆంధ్రా భవన్ భోజనానికి పరుగెత్తే ముందు, బరువు సంచులతో ఈ హాళ్ళ నీడన కూర్చునేవాళ్ళం. అది గోడ నీడలా ముద్దగా ఉండేది కాదు. కడ్డీల మందమే ఎండని అడ్డుకునేది, అక్కడక్కడా మూసిన త్రిభుజాలు ఇంకాస్త ఆపేవి, మిగిలినది ముక్కలు ముక్కలుగా నేల మీద పడేది. గాలి ఆడేది. అది జాలీ పనే. హుమాయూన్ సమాధిలో రాతి జాలీ ఏం చేస్తుందో అదే, వందరెట్ల కొలతలో. పక్కనే రోడ్డవతల పురానా ఖిలా గోడలు. ఆ రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండటంలో నాకు ఎప్పుడూ ఎబ్బెట్టు కనపడలేదు.

అదే ఏడు, అదే మైదానంలో రేవల్ ఇంకొకటి కట్టారు, నెహ్రూ పెవిలియన్. హాల్ ఆఫ్ నేషన్స్ ఎంత ఆర్భాటమో అది అంత అణకువ. చుట్టూ మట్టికట్ట పోసి, పచ్చిక పరిచి, సగం భూమిలో దాక్కున్నట్టు. లోపల చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు తయారుచేసిన నెహ్రూ జీవిత ప్రదర్శన ఉండేది. ఆ పెవిలియన్ కూడా 2017లోనే పోయింది. దాని గురించి అంత గొడవ కూడా జరగలేదు.

తర్వాతి రేవల్ మనకి ఇంకో దారిలో కనిపిస్తారు. 1982 ఏషియాడ్ అనగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కలర్ టీవీనీ, అప్పూ ఏనుగునీ గుర్తుచేసుకుంటారు. ఆ ఆటలకొచ్చిన క్రీడాకారుల కోసం సిరి ఫోర్ట్ దగ్గర కట్టిన ఏషియన్ గేమ్స్ విలేజ్ రేవల్‌ది. దాదాపు 700 ఇళ్ళు. అప్పటికి ప్రభుత్వం ఇళ్ళు కట్టడమంటే అగ్గిపెట్టెల్లా బ్లాకులు వరసగా నిలబెట్టడమే. రేవల్ దాన్ని వదిలి జైసల్మేర్ సందుల వైపు చూశారు. ఇరుకు వీధులు, వాటిని కలిపే చిన్న చావళ్ళు, మలుపు దగ్గర దర్వాజా, ఒకరి డాబా నుంచి ఇంకొకరి డాబాకి మాట వినపడేంత దగ్గరితనం. కార్లు బయటి అంచునే ఆగిపోవాలి, లోపల నడవాలి. ఎడారి ఊళ్ళో సందు ఇరుకుగా ఉండటం డబ్బుల్లేక కాదు, నీడ కోసం. ఆ ఇంగితాన్ని నగరపు కాలనీలోకి తేవచ్చని చూపించిన పని అది.

ఆ తర్వాత జేఎన్‌యూ పక్క రాతిగుట్టల మీద నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ. ఇళ్ళు, హాస్టళ్ళు చుట్టూ నిలబడి, మధ్యలో మెట్ల బావిలా దిగే ముంగిళ్ళు. ఇక్కడి నుంచి రేవల్ గోడలకి రాతి నలుసుల పూత, ఎర్ర, లేత పసుపు చారలు వస్తాయి. ఎంత వాన పడినా మాసిపోని ముఖం. నా మట్టుకు నాకు ఇసుకరాయి రేవల్ కన్నా కాంక్రీటు రేవల్ అంటేనే ఇష్టం. కొన్ని చోట్ల ఈ ఎర్రరాయి మరీ ‘చూడండి, మేం మొగలుల వారసులం’ అన్నట్టు ఉంటుంది. కానీ 1998లో లిస్బన్‌లో కట్టిన ఇస్మాయిలీ సెంటర్ దగ్గర ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది. అక్కడ రాయినీ ఉక్కునీ కలిపి జాలీలా అల్లారు. 1972లో ఉక్కు లేక కాంక్రీటుతో అల్లిన మనిషి, ఉక్కు దొరికే దేశంలో దాన్ని రాతికి జత చేశాడు.

పార్లమెంట్ లైబ్రరీ గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. పక్కనే హెర్బర్ట్ బేకర్ కట్టిన గుండ్రని పార్లమెంటు. దేశంలో ప్రతి పిల్లాడికీ పాఠ్యపుస్తకంలో బొమ్మగా తెలిసినది. దాని పక్కన అంత పెద్ద భవనం కట్టమంటే ఎవరికైనా రెండు కోరికలు పుడతాయి, దాన్ని అనుకరించడం, లేదా దాన్ని మించిపోవడం. రేవల్ రెండూ చెయ్యలేదు. భవనాన్ని కిందికి దించేశారు. రెండంతస్తులు నేలలోకి వెళ్ళిపోయాయి, పైకి కనిపించేది పక్క భవనం కూర్చున్న పీఠం ఎత్తు దాటదు. పైన పెద్ద శిఖరం లేదు, చిన్న చిన్న గుమ్మటాలు గుంపుగా. లోపల ముంగిళ్ళ చుట్టూ తిరిగే వరండాలు, పై నుంచి వడకట్టి దిగే వెలుతురు. నాకు రణక్‌పూర్ జైన దేవాలయం గుర్తొస్తుంది. 2002 మేలో అప్పటి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని ప్రారంభించారు. స్వతంత్ర దేశపు ఆర్కిటెక్టు వలస పాలకుల కట్టడం పక్కన తల దించడం ఏమిటని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే, దాని జవాబు లోపలికి నడిస్తే దొరికేది. తల దించడం వేరు, చదువుకోవడానికి తల వంచడం వేరు.

ఇక మళ్ళీ అరవై ఏళ్ళ లెక్క దగ్గరికి.

సిడ్నీ ఒపేరా హౌస్ 1973లో తెరిచారు, అంటే హాల్ ఆఫ్ నేషన్స్ కన్నా ఏడాది చిన్నది. 2007లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది, ముప్ఫై నాలుగేళ్ళ వయసులో. అంత దూరం ఎందుకు, మన చండీగఢ్‌లోని క్యాపిటల్ కాంప్లెక్స్ 2016లో అదే జాబితాలో చేరింది. అందులోని అసెంబ్లీ భవనం 1962 నాటిది. ఢిల్లీ కమిటీ లెక్కన దానికీ అప్పటికి షష్టిపూర్తి కాలేదు. ఒకే దేశంలో, ఏడాది తిరక్కుండా, యాభై నాలుగేళ్ళ భవనానికి ప్రపంచ గౌరవం, నలభై అయిదేళ్ళ దానికి బుల్డోజర్. చండీగఢ్‌ది కట్టింది కార్బూజియే కాబట్టి అని ఎవరైనా అంటే నేను కాదనలేను.

జాతీయ స్థాయిలో కథ ఇంకా పాతది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం వందేళ్ళు దాటినవాటినే పట్టించుకుంటుంది. మన మనసులో చరిత్ర అంటే రాజులు, కోటలు, గుళ్ళు. ఒక ప్రజాస్వామ్య ప్రభుత్వం పోటీ పెట్టి, దేశపు ఇంజనీర్లూ కూలీలూ కలిసి కట్టుకున్నది మనకి చరిత్రలా కనపడదు, పీడబ్ల్యూడీ వారి ఆస్తిలా కనపడుతుంది. దాంతో ఒక వింత పరిస్థితి. వందేళ్ళు దాటినది పవిత్రం, నిన్న కట్టినది కొత్తది, మధ్యలో పుట్టినవి మాత్రం పాతబడి, వారసత్వం కాకుండా, మధ్యవయసులో ఎవరికీ పట్టకుండా ఉండాలి. నిజంగా ప్రమాదమంతా ఆ మధ్యవయసులోనే. అప్పటికి కాంక్రీటు నల్లబడుతుంది, చువ్వలు తుప్పు పడతాయి, ఏసీ పెట్టడానికి వీలుగా ఉండదు, ఫ్యాషన్ మారిపోతుంది, స్థలం రేటు ఆకాశానికి వెళ్తుంది.

కూల్చినవాళ్ళ వాదన కూడా వినాలి. దేశ రాజధానికి పెద్ద సమావేశ మందిరం కావాలి, నిజమే. పాత హాళ్ళు ఇప్పటి ప్రదర్శనల అవసరాలకి చాలలేదు, అదీ నిజమే. కానీ ఆ ప్రాంగణం దాదాపు 123 ఎకరాలు. అందులో 78 మీటర్ల హాలుకి చోటు లేదంటే నమ్మడం కష్టం. అంత పెద్ద ఖాళీ లోపలి స్థలానికి కొత్త పని వెతకడం ఏ నగరానికైనా వరం కావాలి, సమస్య కాకూడదు. ఇప్పుడక్కడ భారత్ మండపం ఉంది. 2023 జూలైలో ప్రారంభించారు, సెప్టెంబర్‌లో జీ20 నాయకులు అక్కడే కూర్చున్నారు. ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ఇదంతా ఢిల్లీ గోల, మనకెందుకు అనుకునే హైదరాబాద్ మిత్రులకు ఒక మాట. ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ అని బోర్డున్న బస్సు ఎక్కని వాళ్ళు మనలో తక్కువ. ఆ ఈసీఐఎల్‌కి 1960ల చివర్లో ఆఫీసు భవనం కట్టింది చార్లెస్ కొరియా. ఉద్యోగుల టౌన్‌షిప్‌ని రూపొందించింది బాలకృష్ణ దోషి, తర్వాత 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న మొదటి భారతీయుడు. ఇద్దరూ ఒకే కాలంలో ఒకే సంస్థ కోసం హైదరాబాద్‌లో పనిచేశారు. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు వీళ్ళ పనులు చూడటానికి అహ్మదాబాద్ రైలెక్కుతారు. మన నగర చరిత్ర పుస్తకాల్లో చార్మినార్ నుంచి మొదలుపెట్టి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఒక్క గెంతులో హైటెక్ సిటీకి వెళ్ళిపోతాం. ఆ గెంతులో కింద పడేవి ఇవే.

2019లో కొత్త అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్‌ని కూల్చాలనుకున్నప్పుడు హైకోర్టు అడ్డుపడింది, అది నిలిచింది. అది నవాబుల నాటి భవనం కాబట్టి దాని తరఫున మాట్లాడటానికి మాటలు దొరికాయి. మరుసటి ఏడాది పాత సచివాలయం వెళ్ళిపోయింది. అందులో నిజాం కాలం నాటి జి బ్లాక్ గురించి కొందరు బాధపడ్డారు, మిగతా బ్లాకుల గురించి ఎవరూ నోరెత్తలేదు. ఎత్తాల్సినంత భవనాలు కావేమో. కానీ అవునో కాదో కొలిచి చూసినవాళ్ళు కూడా లేరు. ప్రతి పాత కాంక్రీటు పెట్టెనీ కాపాడాలని నేననను. కూల్చే ముందు అదేమిటో చదవాలి అంటాను. చదవడానికి వయసు పరిమితి ఎందుకు?

అహ్మదాబాద్ ఐఐఎంలో లూయీ కాన్ కట్టిన హాస్టళ్ళు పద్దెనిమిదిలో పద్నాలుగింటిని కూల్చేస్తామని 2020 డిసెంబర్‌లో ప్రకటించినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ అభ్యంతరాలు లేచాయి. వారం పది రోజుల్లో ఆ ప్రకటన వెనక్కి వెళ్ళింది. ఆ తర్వాత రెండేళ్ళకి మళ్ళీ ముందుకొచ్చింది. హాల్ ఆఫ్ నేషన్స్ పోయాక కనీసం జనం గొడవ చేయడం నేర్చుకున్నారు, గొడవ ఎంతకాలం నిలుస్తుందన్నది వేరే సంగతి.

2022 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఒక ప్రదర్శన మొదలైంది. 1947 నుంచి 1985 దాకా దక్షిణాసియా దేశాలు తమ స్వేచ్ఛని ఎలా కట్టుకున్నాయన్నది దాని విషయం. హాల్ ఆఫ్ నేషన్స్ అక్కడ నమూనాగా, ఫొటోలుగా నిలబడింది. ప్రదర్శన జూలై దాకా నడిచింది. అది నడుస్తుండగానే మేలో, ఢిల్లీలో, మహేంద్ర రాజ్ చనిపోయారు.